గ్రాంటు వేరు, సబ్సిడీ వేరు: మా ఇంటి నుంచి పోయిన రెండు అర్జీలు



పోయిన నెల జీవామృతం ఫిల్టర్ వీడియో పెట్టినప్పటి నుంచి ఫోన్లు ఎక్కువైనాయి. ఫిల్టర్ గురించి అడిగేవాళ్లు పది మందయితే, "అన్నా, నీకు గవర్నమెంటు గ్రాంటు వచ్చిందంట కదా, 25 లక్షలు ఊరికే ఇస్తారంట కదా, ఎట్ల అప్లై చేయాల?" అని అడిగేవాళ్లు ముప్పై మంది. నాకు వచ్చింది 25 లక్షలు కాదు. ఊరికే రాలేదు కూడా. మధ్యలో మా ఇంటామె గాజులు ఎనిమిది నెలలు తాకట్టులో ఉండినాయి. ఆ సంగతి కెమెరా ముందు చెప్పడానికి నోరు రాలేదు. ఇక్కడ రాస్తున్నా.

మా ఇంటి నుంచి ఇంతవరకు సర్కారు డబ్బు కోసం రెండు రకాల అర్జీలు పోయినాయి. ఒకటి మా ఇంటామె పేరు మీద, కొర్రల మిల్లు కోసం. ఇంకొకటి నా పేరు మీద, ఫిల్టర్ కోసం. ఊర్లో అందరూ రెండింటినీ "గవర్నమెంటు డబ్బు" అనే ఒకే మాటతో పిలుస్తారు. ఆ ఒక్క మాట దగ్గరే చాలా మంది దారి తప్పుతున్నారు. మిల్లు కావాల్సినవాళ్లు గ్రాంటుకు రాస్తారు, తిరిగొస్తుంది. కొత్త పరికరం చేసినవాళ్లు లోను కోసం బ్యాంకుకు పోతారు, మేనేజరు పైకీ కిందికీ చూసి పంపిస్తాడు.

తేడా తెలుసుకోవడానికి మీకు మీరే ఒక ప్రశ్న వేసుకోండి. మీ దగ్గర ఉన్నది పనిచేస్తుందో లేదో ఇంకా తేలలేదా? లేక పనిచేస్తుందని అందరికీ తెలుసు, పెట్టుబడే లేదా? మొదటిదయితే అది ఇన్నోవేషన్, దానికి గ్రాంటు. రెండోదయితే అది వ్యాపారం, దానికి లోను, లోనుకు తోడు సబ్సిడీ. వ్యాపారం అంటే తక్కువ అని కాదు. మన ప్రకృతి వ్యవసాయదారుల్లో నూటికి తొంభై మంది దగ్గర ఉండేది వ్యాపారమే. నా ఎరుకలో అంతే.

కొర్రల మిల్లు సంగతి

కొర్రలు మన నల్లరేగడికి కొత్త కాదు. మా అవ్వ కాలం నుంచి ఉండేవే. ఇప్పుడు మేం వేసే ఎస్ఐఏ 3085 రకం కూడా మన నంద్యాల పరిశోధనా స్థానం నుంచి వచ్చిందే. పొట్టు తీసే యంత్రాలు, రాళ్లు ఏరే యంత్రాలు కొటేషన్ అడిగితే రెండు రోజుల్లో వాట్సాప్‌కు వస్తాయి. మేం రసాయనాలు లేకుండా పండిస్తాం నిజమే. "మందుల్లేని కొర్ర బియ్యం" మంచి సరుకే. అయితే కొత్త సాంకేతికత కాదు. ఇక్కడ తేలాల్సిందేమీ లేదు, డబ్బే కావాల.

దీనికి పనికొచ్చే పథకం పీఎంఎఫ్ఎంఈ. చిన్న ఆహార తయారీ యూనిట్ల కోసం కేంద్రం 2020లో తెచ్చింది. కేంద్రం 60, రాష్ట్రం 40 పాళ్లలో భరిస్తాయి. మన రాష్ట్రంలో ఏపీ ఫుడ్ ప్రాసెసింగ్ సొసైటీ చూస్తుంది. యూనిట్ ఖర్చులో 35 శాతం సబ్సిడీ, 10 లక్షలకు మించదు. మనం కనీసం 10 శాతం చేతి నుంచి పెట్టుకోవాల, మిగతాది బ్యాంకు లోను. మా లెక్క చెప్తా: యూనిట్ ఖర్చు 9 లక్షలు, మేం పెట్టింది 90,000, బ్యాంకు ఇచ్చింది 8,10,000, సబ్సిడీ 3,15,000.

ఆ 3,15,000 మన చేతికి రాదు. ఇది చాలా మందికి తెలీదు. లోను ఇచ్చిన బ్యాంకులోనే వేరే ఖాతాలో కూర్చుంటుంది. లోను చివరి విడత ఇచ్చిన రోజు నుంచి 3 ఏళ్లు యూనిట్ నడుస్తూ, కంతులు సరిగ్గా కడుతూ ఉంటే, అప్పుడు దాన్ని లోనులో సర్దుతారు. మధ్యలో మిల్లు మూతపడితేనో, ఖాతా మొండిబాకీ అయితేనో సబ్సిడీ మీద ఆశ వదులుకోవాల్సిందే. అంటే ఇది మొదట్లో చేతికొచ్చే బలం కాదు, చివర్లో దిగే బరువు. మొదటి ఏడాది కంతులు మిల్లు సంపాదన నుంచే కట్టగలమా అని చూసుకుని దిగాల. మేం క్వింటాలు కొర్రలు ఆడిస్తే 60, 65 కిలోల బియ్యం వస్తాయి. ఆ లెక్క మీదే నెల కంతు వేసుకున్నాం, సబ్సిడీని లెక్కలోకి తీసుకోనే లేదు.

ఇంకో రెండు మాటలు. భూమి కొనడానికి పెట్టిన ఖర్చును ఈ యూనిట్ ఖర్చులో చూపించకూడదు. షెడ్డు లాంటి కట్టుబడి పని 30 శాతం దాటకూడదు. మీది డ్వాక్రా సంఘం అయితే, ఒక్కో సభ్యురాలికి 40,000 దాకా సీడ్ క్యాపిటల్ వేరుగా ఉంది, చిన్న పనిముట్లకు, చేతి ఖర్చులకు. ఇది సంఘాల సమాఖ్య ద్వారా వస్తుంది.

నంద్యాలలో ఒకాయన ఈ అర్జీ రాసిపెట్టడానికి మా దగ్గర 40,000 అడిగినాడు. శాంక్షన్ అయినాక పది శాతం కమీషను కూడానంట. పేరు చెప్పను, ఆయన ఒక్కడే కాదు కాబట్టి. ఈ పథకంలో డిస్ట్రిక్ట్ రిసోర్స్ పర్సన్ అని ఒకరుంటారు. ప్రాజెక్టు రిపోర్టు రాయడం, బ్యాంకు చుట్టూ తిరగడం, ఎఫ్ఎస్ఎస్ఎఐ, ఉద్యమ్ రిజిస్ట్రేషన్లు చేయించడం ఆయన పని. ఆయనకు డబ్బు ప్రభుత్వమే ఇస్తుంది, మనం ఇవ్వనక్కర్లేదు. ముందు ఆయన్ను పట్టుకోండి.

ప్యాకెట్ మీద "ఆర్గానిక్" అని అచ్చు వేయించే ముందు ఆగండి. ఎన్‌పీఓపీ గానీ పీజీఎస్ ఇండియా గానీ సర్టిఫికెట్ లేకుండా ఆ మాట వేసి అంగళ్లకు అమ్మకూడదు. ఎఫ్ఎస్ఎస్ఎఐ 2017లోనే నిబంధన పెట్టింది. మేం మొదట కొట్టించిన రెండు వేల కవర్లు ఇప్పుడు విత్తనాలు దాచుకోవడానికి వాడుతున్నాం.

ఫిల్టర్ సంగతి

ఇప్పుడు రెండో అర్జీ. డ్రిప్పు ఉన్న ప్రకృతి వ్యవసాయదారులకు ఈ బాధ చెప్పనక్కర్లేదు. ఎకరాకు 200 లీటర్ల జీవామృతం కలుపుతాం, పేడ, మూత్రం, బెల్లం, శనగపిండి, గుప్పెడు గట్టు మట్టి. గుడ్డతో ఎంత వడగట్టినా పిప్పి పోతుంది. డిస్క్ ఫిల్టర్ అర్ధ గంటలో మూసుకుపోతుంది. తీసి కడిగి పెట్టేలోపు కరెంటు పోతుంది. నాలుగు తడులు పోయేసరికి లేటరల్ చివర ఉన్న అరటి చెట్లకు చుక్క చుక్క. దాంతో విసిగి ఎంత మంది మళ్లీ కరిగే ఎరువుల బస్తాలకు పోయినారో నాకు తెలుసు. మా చిన్నాయన కూడా పోయినాడు. నేను ఫిల్టర్ మీద పడింది అందుకే.

డ్రమ్ములు, జల్లెళ్లు, కింద గులకరాళ్లు, ఇసుక వరసలు పెట్టి 2022లో మొదటిది చేసినా. ఉత్సాహంతో వీడియో కూడా పెట్టేసినా. బాగా చూసినారు.

ఇట్లాంటి దానికి బ్యాంకు లోను రాదు, రావాల్సిన అవసరం కూడా లేదు. పనిచేయకపోతే అప్పు నెత్తిన పడుతుంది. ఈ భయం తీయడానికే గ్రాంటు అనేది పుట్టింది. వ్యవసాయానికి సంబంధించి మనకు దగ్గరగా ఉన్నది రాష్ట్రీయ కృషి వికాస్ యోజన కింద 2018-19లో మొదలైన అగ్రి స్టార్టప్ కార్యక్రమం. ఇందులో మెట్లున్నాయి. మొదటిది రెండు నెలల శిక్షణ, నెలకు 10,000 స్టైపెండు. తర్వాత ఐడియా దశ, 5 లక్షల దాకా. ఇందులో 90 శాతం గ్రాంటు, 10 శాతం మనది. ఆ తర్వాత సీడ్ దశ, 25 లక్షల దాకా. ఇందులో 85 శాతం గ్రాంటు, 15 శాతం మనది. ఫోన్లో అందరూ అడిగే 25 లక్షలు ఇదే. దానికి అర్జీ పెట్టేనాటికి రిజిస్టరైన కంపెనీ, అమ్మదగ్గ స్థితికి వచ్చిన సరుకు రెండూ ఉండాల.

అర్జీ నేరుగా ఢిల్లీకి పోదు. ఇంక్యుబేటర్లు అనే కేంద్రాలు ప్రకటన ఇచ్చి తీసుకుంటాయి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో ఉన్న మేనేజ్ ఈ పథకానికి నాలెడ్జ్ పార్ట్‌నర్. అక్కడే ఉన్న చిరుధాన్యాల పరిశోధనా సంస్థ వాళ్ల న్యూట్రిహబ్ కూడా ఇంక్యుబేటరే. కొర్ర, సామ, అరికెలతో నిజంగా కొత్త తయారీ ఏదైనా కనిపెట్టినవాళ్లు దాన్ని చూడండి. మన రాష్ట్రంలో రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ 2025 ఆగస్టు 20న మంగళగిరిలో మొదలైంది. దాని శాఖ ఒకటి అనంతపురంలో ఉంది, మనకు దగ్గర. ఇంటర్వ్యూకు ముందు మీ ఆలోచన ఒకసారి ఎవరికైనా చెప్పి చూసుకోవడానికి ఇట్లాంటి చోటు మంచిది.

నేను 2023లో ఒక చోట అర్జీ పెట్టినా. ఎక్కడో చెప్పను. పిలిచినారు. ఏడు నిమిషాలు మాట్లాడమన్నారు. ప్రకృతి వ్యవసాయం గొప్పతనం గురించే అయిదు నిమిషాలు చెప్పినా. భూమాత, దేశీ ఆవు, రేపటి తరం, అన్నీ. వాళ్లు మర్యాదగా విన్నారు. తర్వాత ఒకాయన మూడు ప్రశ్నలు వేసినాడు.

బజార్లో జీవామృతం ఫిల్టర్లు ఇప్పటికే ఉన్నాయి కదా, మీ దాంట్లో కొత్తది ఏంటి? మీది వాడితే డ్రిప్పర్లు ఎంత తక్కువ మూసుకుపోతున్నాయి, అంకెలు ఉన్నాయా? పేటెంట్‌కు వేసినారా?

మొదటి దానికి నీళ్లు నమిలినా. రెండోదానికి "రైతులందరూ బాగుంది అంటున్నారు సార్" అన్నా. మూడోదానికి గర్వంగా నా వీడియో చూపించినా, ఇన్ని వేల మంది చూసినారని. ఆయన నవ్వి, "ఆ వీడియోనే మీ ఇబ్బంది" అన్నాడు. పేటెంట్ చట్టం ప్రకారం అర్జీ వేసే ముందే లోకానికి చూపించేస్తే అది ఇంక కొత్తది కాదు. ఎవరో చూపించినా, మనమే చూపించినా అంతే. నేనే నా పరికరాన్ని ఊరందరికీ పంచిపెట్టి, దాని మీద హక్కు అడగడానికి పోయినా. వీడియోలు చేసే రైతులందరికీ ఈ ఒక్క సంగతి చెప్పాలనే ఇంత పొడుగు రాస్తున్నా అనుకోండి. ముందు ప్రొవిజనల్ అర్జీ వేయండి. వ్యక్తులకు, స్టార్టప్‌లకు ఆన్‌లైన్లో దాని ఫీజు 1,600. ఆ తర్వాత పూర్తి వివరాలు ఇవ్వడానికి 12 నెలలు గడువు ఉంటుంది. అర్జీ నంబరు చేతికొచ్చినాక వీడియో పెట్టండి. పంచుకోవడమే మీ ఉద్దేశమయితే పేటెంట్ వద్దు, అదీ మంచిదే. కాకపోతే తెలిసి వదులుకోండి.

నన్ను తీసుకోలేదు. ఇంటికొచ్చి రెండు రోజులు వాళ్లను తిట్టుకున్నా. మూడో రోజు నోటు పుస్తకం కొన్నా.

నోటు పుస్తకం

డిప్లొమా చదివేటప్పుడు రికార్డు రాయమంటే గొణుక్కునేవాళ్లం. ఆ రికార్డే చివరికి ఆదుకుంది. ఏం చేసినానో చెప్తా, మీ పరికరం ఏదైనా ఈ పద్ధతి పనికొస్తుంది.

అరటి తోటలో ఒక ఎకరాను రెండుగా చేసినా. సగానికి గుడ్డతో వడగట్టిన జీవామృతం, సగానికి ఫిల్టర్ నుంచి వచ్చినది. రెండు వైపులా ఒకే రోజు, ఒకే డ్రమ్ము నుంచి. నాది గంటకు 4 లీటర్ల డ్రిప్పర్. దాని కింద 15 నిమిషాలు గిన్నె పెడితే లీటరు పడాల. లేటరల్ మొదట్లో ఒకటి, నడుమ ఒకటి, చివర ఒకటి, అట్లా అయిదు లేటరళ్లలో కొలిచి రాసుకున్నా. ప్రతి తడికీ ఫిల్టర్ ఎన్నిసార్లు కడిగినాం, ఎంతసేపు పట్టింది, అదీ రాసినా. ఎనిమిది తడుల తర్వాత గుడ్డ వైపు చివరి డ్రిప్పర్లలో సగటున 560 మిల్లీలీటర్లు పడింది. ఫిల్టర్ వైపు 910. ఫిల్టర్ గొప్పదని నాలుగేళ్లుగా నేను అరిచిన అరుపులకన్నా ఆ రెండు అంకెలు ఎక్కువ పని చేసినాయి.

రాస్తూ ఉంటేనే ఇంకో సంగతి బయటపడింది. రైతులకు అసలు విసుగు వడగట్టడం దగ్గర కాదు, కడగడం దగ్గర. నా మొదటి ఫిల్టర్ కడగడానికి 25 నిమిషాలు పడుతోంది. కాబట్టి ఒక పిడి తిప్పితే నీళ్లు వెనక్కి పారి జల్లెడ కడుక్కునేట్టు మార్చినా. 25 నిమిషాలు 4 నిమిషాలయింది. ఈ మార్పు పాత వీడియోలో లేదు. దీనికి ముందుగా ప్రొవిజనల్ అర్జీ వేసినా. వీడియో తర్వాత.

మీకు కొలతలు తీయడం రాకపోతే, మన జిల్లాలోనే యాగంటిపల్లెలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, నంద్యాలలో 1906 నుంచి ఉన్న ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం ఉంది. రైతు పొలంలో పరీక్షలు పెట్టడం కేవీకే పనుల్లో ఒకటి. పరీక్ష ఎట్లా పెట్టాలో అడగండి, తప్పులేదు. సైంటిస్టు సమక్షంలో తీసిన కొలతకు ఇంటర్వ్యూలో ఉన్న విలువ వేరు.

2024లో వేరే చోట అర్జీ పెట్టినా. ఈసారి భూమాత గురించి ఒక్క ముక్క కూడా మాట్లాడలేదు. రెండు అంకెలు, ఒక పిడి, ఒక అర్జీ నంబరు. తీసుకున్నారు.

డబ్బు ఎట్లా వస్తుంది

నా ప్రాజెక్టు ఖర్చు 4,50,000 అని ఒప్పుకున్నారు. గ్రాంటు 4,05,000, నాది 45,000. ఆళ్లగడ్డలో స్వీట్లు పంచినాం. అక్కడే తప్పు చేసినా.

గ్రాంటు విడతలుగా వస్తుంది. ఒక్కో విడతకూ ముందే రాసిచ్చిన పని పూర్తయిందని చూపించాల. ఫలానా నెలకల్లా రెండు నమూనాలు తయారు, ఫలానా నెలకల్లా ఆరుగురు రైతుల పొలాల్లో పరీక్ష, ఇట్లా. నాకు మొదటి విడత రావడానికి ఒప్పందం మీద సంతకం పెట్టినాక అయిదు నెలలు పట్టింది. ఈలోపు సీజన్ ఆగదు కదా. పరీక్ష ఆ ఖరీఫ్‌లో పెట్టకపోతే ఏడాది పోతుంది. స్టీలు జల్లెళ్లకు, పంపుకు అడ్వాన్సు కట్టాల. గాజులు తాకట్టు పెట్టి 1,20,000 తెచ్చినాం. ఆ వడ్డీ గ్రాంటులో చూపించడానికి లేదు. మీరు అర్జీ పెట్టేటప్పుడే, డబ్బు ఆరు నెలలు రాకపోతే పని ఎట్లా నడిపిస్తారో ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి. ఇంట్లోవాళ్లకు "శాంక్షన్ అయింది" అనే మాట, "డబ్బు వచ్చింది" అని వినబడుతుంది. మా ఇంట్లో అట్లే వినబడింది.

రెండో దెబ్బ బిల్లులు. మా వెల్డింగ్ అన్న మంచి పనివాడు, తెల్ల కాగితం మీద లెక్క రాసి ఇచ్చినాడు. 38,000. ఆడిటర్ దాన్ని పక్కన పడేసినాడు. గ్రాంటు ఖర్చుకు యుటిలైజేషన్ సర్టిఫికెట్ ఇవ్వాల, దాని మీద ఆడిటర్ సంతకం ఉండాల. జీఎస్టీ బిల్లు, బ్యాంకు నుంచి పోయిన చెల్లింపు, రెండూ ఉంటేనే ఖర్చు. ఆ 38,000 నా సొంతమయింది. అందుకని గ్రాంటుకు వేరే బ్యాంకు ఖాతా పెట్టుకుని, ఒక్క రూపాయి కూడా చేతిలో నోట్లుగా ఇవ్వకండి. భూమికి, కట్టడానికి, పాత అప్పు తీర్చడానికి ఈ డబ్బు వాడకూడదని నాకిచ్చిన ఉత్తర్వులో మొదటి పేజీలోనే ఉంది. నేను దాన్ని చదివింది మూడు నెలల తర్వాత.

ఇది కాక స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్ అని 2021 ఏప్రిల్‌లో ఒకటి వచ్చింది. పరికరం పనిచేస్తుందని రుజువు చేయడానికి, నమూనాకు, పరీక్షలకు 20 లక్షల దాకా గ్రాంటు. బజారుకు తీసుకుపోవడానికి అయితే 50 లక్షల దాకా, కానీ అది గ్రాంటు కాదు, అప్పు లాగానో డిబెంచర్ల లాగానో ఇస్తారు. స్టార్టప్‌గా గుర్తింపు ఉండాల, అర్జీ నాటికి కంపెనీ పెట్టి 2 ఏళ్లు దాటకూడదు. కంపెనీ అంటే ప్రైవేట్ లిమిటెడ్, ఎల్ఎల్‌పీ, రిజిస్టర్డ్ భాగస్వామ్యం. మన పేరు మీద నడిపే సొంత అంగడికి స్టార్టప్ గుర్తింపు రాదు. అందుకే ఎవరో చెప్పినారని ముందే కంపెనీ పెట్టేయకండి, గడియారం తిరగడం మొదలైపోతుంది. పథకానికి మొదట పెట్టిన గడువు 2021-22 నుంచి నాలుగేళ్లు. అర్జీలు తీసుకుంటున్నారో లేదో చూసుకుని ముందుకు పోండి.

చదువు లేనివాళ్లకు దారి లేదా అంటే ఉంది. 2000లో మొదలైన నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ పని అదే, ఊర్లలో చదువుతో పనిలేకుండా కనిపెట్టినవాళ్లను వెతకడం. మన తెలుగువాళ్లలో చింతకింది మల్లేశం గారు అట్లా వెలుగులోకి వచ్చినవారే. ఆసు పోసే అమ్మ చేతి నొప్పి చూసి యంత్రం మొదలుపెట్టి, పూర్తిచేయడానికి ఏడేళ్లు పట్టింది, 1999కి అయింది. పద్మశ్రీ 2017లో వచ్చింది. ఆ ఏడేళ్లూ ఆయన వెనక ఏ గ్రాంటూ లేదు, అప్పులే.

అమ్మడానికి గ్రాంటు లేదు

ఆరుగురు రైతుల పొలాల్లో పెట్టినాం. ఆళ్లగడ్డలో రెండు, రుద్రవరంలో, సిరివెళ్లలో ఒక్కొక్కటి, మహానంది దగ్గర అరటి తోటల్లో రెండు. ఆరుగురూ బాగుందన్నారు. పరీక్ష అయిపోయినాక "ఉంచుకుంటారా, 14,500" అంటే ఉంచుకున్నవాళ్లు ఇద్దరు. మిగతావాళ్లు 6,000 అయితే చూద్దాం అన్నారు. నాకు తయారీ ఖర్చే 11,000 అవుతోంది.

ఇది మన దగ్గరే కాదు. అమెరికాలో చిన్న కంపెనీల ఇన్నోవేషన్‌కు గ్రాంట్లు ఇచ్చే చట్టం 1982లోనే వచ్చింది. అక్కడ మూడు దశలు పెట్టుకున్నారు. మొదటి దశ సాధ్యమవుతుందా అని చూడడానికి, రెండోది తయారు చేయడానికి, రెండింటికీ ఆ గ్రాంటు వస్తుంది. మూడో దశ బజారు. ఆ దశకు ఆ పథకం నుంచి డబ్బు రాదు. కొనేవాడి దగ్గర్నుంచో, పెట్టుబడి పెట్టేవాడి దగ్గర్నుంచో తెచ్చుకోవాల. అంత డబ్బున్న దేశమే అక్కడ చెయ్యి వదిలేసింది. సర్కారు రుజువుకు ఖర్చు పెడుతుంది, బేరానికి పెట్టదు.

నేను ఆలోచించి దారి మార్చినా. ఒక్కో రైతు 14,500 పెట్టలేడు. కానీ జీవామృతం తయారుచేసి పది మందికి ఇచ్చే చోట ఒక ఫిల్టర్ చాలు. ప్రకృతి వ్యవసాయం మీద జాతీయ మిషన్‌ను కేంద్ర కేబినెట్ 2024 నవంబర్ 25న 2,481 కోట్లతో ఆమోదించింది. అందులో దేశమంతా 10,000 బయో ఇన్‌పుట్ రిసోర్స్ సెంటర్లు పెడతామన్నారు. మన రాష్ట్రంలో రైతు సాధికార సంస్థ 2016 నుంచి ఈ దారిలోనే ఉంది, ఊర్లలో కషాయాలు తయారుచేసి అమ్మే అక్కలు, అన్నలు ముందు నుంచీ ఉన్నారు. నా కొనుగోలుదారు వాళ్లే అని అర్థమయ్యేసరికి ఏడాదిన్నర పోయింది. ఇంతవరకు 11 అమ్మినా. తొమ్మిది అట్లాంటి చోట్లకే.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఫిల్టర్ ఇనుము, దానికి లైసెన్సు గొడవ లేదు. కానీ చాలా మంది నీమాస్త్రమో దశపర్ణి కషాయమో సీసాల్లో పోసి, "పురుగుల మందు" అని లేబులు వేసి, దాన్నే ఇన్నోవేషన్ అని గ్రాంటుకు రాస్తున్నారు. మీ చేనులో మీరు కొట్టుకుంటే అడిగేవాళ్లు లేరు. పురుగుమందు అని పేరు పెట్టి బజార్లో అమ్మితే 1968 నాటి పురుగుమందుల చట్టం కిందికి వస్తుంది, రిజిస్ట్రేషన్ కావాల. ఎదుగుదలకు అని అమ్మితే బయోస్టిమ్యులెంట్ అంటారు, 2021 ఫిబ్రవరి నుంచి అవి ఎరువుల నియంత్రణ ఉత్తర్వులోకి వచ్చినాయి. గ్రాంటు వచ్చినంత మాత్రాన అమ్మే అనుమతి వచ్చినట్టు కాదు. ఇంటర్వ్యూలో ఈ ప్రశ్న తప్పకుండా పడుతుంది, జవాబు రాసుకుని పోండి.

ఇప్పుడు నా ముందు సీడ్ దశ ఉంది. కంపెనీ పెట్టాల, 15 శాతం నా వాటా పెట్టాల. 20 లక్షలు అడిగితే 3 లక్షలు నావి. గాజులు పోయిన సంక్రాంతికి ఇంటికొచ్చినాయి, మళ్లీ పంపించే ధైర్యం నాకు లేదు, ఆమెకు అసలే లేదు. కాబట్టి ముందు తయారీ ఖర్చు 11,000 నుంచి 8,000కు దించగలనా అని చూస్తున్నా. స్టీలు డ్రమ్ము బదులు ప్లాస్టిక్ డ్రమ్ము పెట్టి, పిడి మాత్రం స్టీలుతో చేసిన రకం ఒకటి మా తోటలోనే పెట్టినా. ఎనిమిది తడులు పూర్తయ్యేదాకా అంకెలు రాస్తా. అవి 850 మిల్లీలీటర్ల పైన ఉంటే అర్జీ పెడతా, లేకుంటే ఈ ఏడాది పెట్టను.

పైన వీడియోలో 7వ నిమిషం దగ్గర గిన్నెతో డ్రిప్పర్ కొలిచే పద్ధతి చూపించినా. నోటు పుస్తకం పేజీలు కూడా చూపించినా, అదే గీతలతో మీరూ గీసుకోవచ్చు. పిడి లోపల భాగం మాత్రం ఈ వీడియోలో విప్పి చూపించినా, ఎందుకంటే దాని అర్జీ నంబరు ఇప్పుడు నా దగ్గర ఉంది.